వాల్వు లోపలి తూము

పాత వాల్వు రేడియో మీట నొక్కగానే పలికేది కాదు, కాసేపు వేడెక్కాలి. ఆ వేడి ఎందుకో తెలియాలంటే గాజుబుడ్డి లోపలికి చూడాలి.

నడుమనుండే కేథోడు వేడికి ఎలక్ట్రాన్లను వెలువరిస్తుంది. ధనావేశమున్న ప్లేటు అనే రేకు వాటిని ఆకర్షిస్తుంది. 1904లో ఫ్లెమింగు చేసిన తొలి వాల్వులో ఉన్నవి ఈ రెండే. అందులో విద్యుత్తు ఒకే దిశలో పారేది గాని, బలహీనమైన సంకేతం పెరిగేది కాదు.

1906లో అమెరికాలో లీ డి ఫారెస్టు ఆ రెంటి మధ్య మెలికలు తిప్పిన సన్నని తీగను నిలిపాడు. అదే గ్రిడ్డు. మా సిద్దిపేట సీమ చెరువుల తూములను తలచుకోండి: తలుపెత్తే చేతి బలం కొద్దిదే, బయటికి దూకే నీటి బలం చెరువుది. గ్రిడ్డు కేథోడుకు దగ్గరగా ఉంటుంది గనుక, దానిపై స్వల్పమైన వోల్టేజీ మార్పే ప్లేటుకు చేరే ప్రవాహాన్ని బాగా మార్చగలదు.

చిత్రమేమంటే, బుడ్డిలో కొంత వాయువు ఉండి తీరాలని డి ఫారెస్టే నమ్మాడు. నిలకడగా పనిచేయడానికి గాఢమైన శూన్యమే కావాలని 1913 నాటికి లాంగ్‌మ్యూరు, ఆర్నాల్డు వేర్వేరుగా తేల్చారు. తరువాతి వాల్వుల గాజుపై కనబడే వెండి మెరుపు, మిగిలిన వాయువును పీల్చే గెటరు పూతే.

1935లో నిజాం ప్రభుత్వం చేపట్టిన హైదరాబాదు రేడియో 1950లో ఆకాశవాణిలో కలిసింది. ఆనాడు మెదకు జిల్లాలో ఉన్న మా ఊరికి ఆ గొంతు చేరిందంటే, ప్రసారం చేసే చోటా, వినే చోటా ఈ తీగే కారణం. అందుకే, కనిపెట్టినవారితో పాటు, అది పనిచేసే మర్మం విప్పినవారినీ చరిత్రలో స్మరించాలని నా మనవి.