ఆ బాలుణ్ణి చదివించిన చేతులు



మేఘనాథ్ సాహా 1893లో ఢాకా సమీపమున ఒక పల్లెలో, సమాజము తక్కువగా చూచిన కులములో, చిన్న కొట్టు నడుపు కుటుంబమున జన్మించెను. ప్రాథమిక విద్య ముగియగానే తండ్రి కొట్టులో కూర్చుండబెట్టదలచెను. తరువాతి పాఠశాల దూరముననున్న శిమూలియా గ్రామములో కలదు. అన్న జయనాథ్ అచటి వైద్యుడు అనంతకుమార్ దాస్‌ను ఆశ్రయించగా, ఆయన తన ఇంట ఉచితముగా భోజనవసతులు కల్పించెను. బాలుడు తన పళ్ళెము తానే కడుగుకొని ఆవును చూచుకొనవలెనన్నది నియమము.

బాలుడు జిల్లాలో ప్రథముడై నెలకు 4 రూపాయల ఉపకారవేతనము పొంది, 1905లో ఢాకా ప్రభుత్వ పాఠశాలలో చేరెను. అన్న తన స్వల్ప జీతము నుండి 5 రూపాయలు, ఒక వైశ్య సమితి 2 రూపాయలు పంపుచుండెను. వంగవిభజన నాటి నిరసనలో పాల్గొన్నందున ఆ బడి పోయినది, వేతనమును పోయినది. కిశోరీలాల్ జూబిలీ పాఠశాల రుసుము లేకుండ చేర్చుకొనెను. 1920లో ఆయన వెలువరించిన అయనీకరణ సమీకరణము నక్షత్రముల వర్ణపటములను అర్థము చేసికొనుటకు ఆధారమైనది.

మా బడిలో లెక్కలలో మేటియైన ఒక బాలిక, ఉన్నత పాఠశాల దూరమని ఏడవ తరగతితో ఆగిపోయినది. వసతి కొరకు నేను ఎవరినీ అడుగలేదు. నేటికీ అది నన్ను బాధించును. ఈ ఏడు బడి దాటి వెళ్ళు పిల్లలలో ఎవరికి వసతి లేదో, ఎవరికి రుసుము భారమో ఇప్పుడే వ్రాసికొని, ఊరి పెద్దలను అడుగుదము.