ఎక్స్ఛేంజ్ ఆఫీసు నుంచి పరుగెత్తిన కుర్రాడు

జీతం పడగానే ఎక్స్ఛేంజ్ ఆఫీసు లైన్లో నిలబడటం మనకు కొత్త కాదు. ఇంటికి పంపాల్సింది పంపేసి బయటికొచ్చాక, బస్సుకి కూడా డబ్బులు మిగల్లేదని తెలిసే రోజు మనలో చాలామందికి వచ్చే ఉంటుంది. ఈ వారం ఎపిసోడ్‌లో నేను చెప్పింది అలాంటి ఒక రోజు గురించే. కాకపోతే ఆ కుర్రాడు అమెరికాలో పెద్ద బాస్కెట్‌బాల్ ఆటగాడు. పేరు యానిస్ అడెటోకున్బో. మాటల్లో చెప్పడానికి టైము సరిపోని చరిత్ర కొంత మిగిలిపోయింది, అది ఇక్కడ రాస్తున్నాను.

2013లో యానిస్ మిల్వాకీ బక్స్ జట్టులో చేరాడు. మొదటి సీజన్ చలికాలంలో ఒక రోజు మ్యాచ్‌కి ముందు వెస్టర్న్ యూనియన్‌కి వెళ్ళి, చేతిలో ఉన్నదంతా ఏథెన్స్‌లోని అమ్మానాన్నలకి పంపేశాడు. బయటికొచ్చాక చూసుకుంటే టాక్సీకి పైసా లేదు. మిల్వాకీ చలి మామూలు చలి కాదు. ఒంటి మీద పల్చటి జాకెట్, అంతే. స్టేడియం వైపు పరుగు మొదలుపెట్టాడు. దారిలో ఒక జంట గుర్తుపట్టి, కారు ఆపి ఎక్కించుకున్నారు. అమెరికాలో ఈ కథని నవ్వుతూ చెప్పుకుంటారు. మనకి మాత్రం అంత నవ్వు రాదు. అలా ఖాళీ జేబుతో నడిచినవాళ్ళం కదా.

ఇక వెనక్కి వెళ్దాం. యానిస్ అమ్మానాన్నలు చార్ల్స్, వెరోనికా నైజీరియావాళ్ళు. నాన్న యొరూబా, అమ్మ ఇగ్బో. 1991లో పని వెతుక్కుంటూ లాగోస్ వదిలి గ్రీసు చేరారు. పెద్దకొడుకు ఫ్రాన్సిస్‌ని తాతమ్మల దగ్గర వదిలేసి వచ్చారు. పిల్లల్ని ఊళ్ళో పెద్దవాళ్ళ దగ్గర ఉంచి విమానం ఎక్కినవాళ్ళు ఇది చదువుతున్నవాళ్ళలోనూ ఉంటారు, వాళ్ళకి ఈ ఒక్క వాక్యం చాలు.

ఏథెన్స్‌లో సెపోలియా అనే పేటలో కాపురం. అక్కడ మరో నలుగురు కొడుకులు పుట్టారు. 1994 డిసెంబర్ 6న పుట్టినవాడు యానిస్. పుట్టింది గ్రీసులో, చదివింది గ్రీకు బడిలో, మాట్లాడేది గ్రీకు. అయినా చేతిలో గ్రీకు కాగితం లేదు. అక్కడి చట్టం ప్రకారం పౌరసత్వం తల్లిదండ్రుల రక్తాన్ని బట్టి వస్తుంది, పుట్టిన నేలని బట్టి కాదు. అమ్మానాన్నలకే కాగితాలు లేవు కాబట్టి పిల్లలకీ లేవు. గల్ఫ్‌లో ఉన్నవాళ్ళకి ఇది వింతగా అనిపించదు. ఇక్కడ పుట్టిన మన పిల్లలకి ఇక్కడి పౌరసత్వం రాదని తెలిసే ఉంటున్నాం. ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. 2004 డిసెంబర్ నుంచి మన దేశంలోనూ, తల్లిదండ్రుల్లో ఒకరు అక్రమంగా వచ్చినవారైతే, మన నేల మీద పుట్టిన బిడ్డకి పౌరసత్వం రాదు. కాబట్టి గ్రీసుని ఒక్కదాన్నే వేలెత్తి చూపలేం.

ఆ ఇంట్లో అందరూ పనిచేశారు. దొరికిన కూలి పని నాన్న, అమ్మ చూసుకునేవాళ్ళు. పిల్లలు వీధుల్లో వాచీలు, కళ్ళజోళ్ళు, బ్యాగులు అమ్మేవాళ్ళు. చిన్నప్పుడే యానిస్‌కి బేరం చేయడం వచ్చు. పోలీసు కనబడితే సరుకు సర్దేయడమూ వచ్చు. అప్పటి గ్రీసు అప్పుల్లో మునిగి ఉంది. 2013 నాటికి పనిచేయగలవాళ్ళలో ప్రతి 100 మందిలో 27 మందికి పని లేదు. కోపం వలస వచ్చినవాళ్ళ మీదికి మళ్ళింది. 2012 జూన్ ఎన్నికల్లో గోల్డెన్ డాన్ అనే జాత్యహంకార పార్టీ 18 సీట్లతో పార్లమెంటులో కూర్చుంది. అదే ఏడాది ఆగస్టులో ఏథెన్స్ వీధుల్లో కాగితాల తనిఖీలు పెద్ద ఎత్తున మొదలయ్యాయి. ఆ తనిఖీలకి పెట్టిన పేరు అతిథుల్ని కాపాడే దేవుడు జ్యూస్‌ది! అతిథి దేవో భవ అని పేరు పెట్టి మనుషుల్ని వ్యాన్లలోకి ఎక్కించినట్టు.

యానిస్‌కి ముందు ఇష్టమైన ఆట ఫుట్‌బాల్. నాన్న ఆడిన ఆట అది. 2007 ప్రాంతంలో స్పిరోస్ వెలినియాటిస్ అనే కోచ్ ఆ అన్నదమ్ములు ఆడుకుంటుంటే చూసి బాస్కెట్‌బాల్‌లోకి లాగాడు. ఫిలాథ్లిటికోస్ అనే చిన్న క్లబ్బులో చేరారు. యానిస్‌కీ అన్న థనాసిస్‌కీ కలిపి ఒకే జత బూట్లు. ఒకడు ఆడి బయటికొస్తే రెండోవాడు అవే వేసుకుని లోపలికి వెళ్ళేవాడు. ప్రాక్టీసు ఆలస్యమైతే కొన్ని రాత్రులు జిమ్‌లోనే నిద్ర. ఆ క్లబ్బు ఆడేది గ్రీసు రెండో డివిజన్‌లో. 2012–13 సీజన్‌లో అతని సగటు 9.5 పాయింట్లు. అంకెలు చూస్తే గొప్పేమీ లేదు. కానీ అంత పొడుగు కుర్రాడు బంతిని పొట్టివాడిలా నడిపించడం చూసి అమెరికా నుంచి మనుషులు రావడం మొదలైంది.

అసలు మలుపు ఇక్కడే ఉంది. అమెరికా వెళ్ళాలంటే పాస్‌పోర్టు కావాలి. 18 ఏళ్ళుగా కదలని ఫైలు 2013 మేలో కదిలింది. యానిస్, థనాసిస్ ఇద్దరికీ గ్రీకు పౌరసత్వం వచ్చింది. తర్వాతి నెల 27న, న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో జరిగిన డ్రాఫ్ట్‌లో బక్స్ అతన్ని 15వ ఆటగాడిగా తీసుకుంది. డ్రాఫ్ట్ అంటే మన ఐపీఎల్ వేలం లాంటిదే. కాకపోతే అక్కడ పాట పాడరు, జట్లు వంతులవారీగా ఒక్కొక్కరిని ఎంచుకుంటాయి.

పేరు సంగతి కూడా చూడండి. యొరూబాలో ఇంటిపేరు అడెటోకున్బో. సముద్రం దాటి వచ్చిన కిరీటం అని అర్థం. గ్రీకులో డ, బ శబ్దాలకి విడి అక్షరాలు లేవు. డ కోసం న, త రెండూ కలిపి రాస్తారు, బ కోసం మ, ప కలిపి రాస్తారు. ఆ స్పెల్లింగు అలాగే పాస్‌పోర్టులోకి ఎక్కింది. ఇంగ్లీషు వాళ్ళు దాన్ని చదవలేక నానా తంటాలు పడ్డారు. ఇంటిపేరు ముందో వెనకో తేలక కౌంటర్ దగ్గర నిలబడ్డ తెలుగువాళ్ళకి ఈ బాధ కొత్తగా చెప్పక్కర్లేదు.

మిల్వాకీలో మొదటి ఏడాది కష్టంగానే గడిచింది. జట్టు 15 గెలిచి 67 ఓడింది. యానిస్ సగటు 6.8 పాయింట్లు. ఇంటివాళ్ళ వీసాలు మొదట తిరస్కరించారు. వాళ్ళు రాకపోతే నేనే తిరిగి వెళ్ళిపోతానన్నాడు. చివరికి 2014 మొదట్లో అమ్మానాన్నలు, తమ్ముళ్ళు వచ్చారు. తర్వాత అంకెలు చూడండి: 12.7, 16.9, 22.9, 26.9, 27.7. ఐదేళ్ళలో ఒక్క ఏడాది కూడా కిందికి రాలేదు. 2017లో బాగా ఎదిగిన ఆటగాడి అవార్డు, 2019లో, 2020లో అత్యుత్తమ ఆటగాడి అవార్డు వచ్చాయి. మధ్యలో 2017 సెప్టెంబర్‌లో నాన్న చార్ల్స్ గుండెపోటుతో పోయాడు, 54 ఏళ్ళకే. 2019 అవార్డు వేదిక మీద యానిస్ నాన్నని తలుచుకుని ఏడ్చాడు.

2021 జూన్ చివర్లో మోకాలు భయంకరంగా వెనక్కి వంగింది. వారం తిరిగేసరికి ఫైనల్స్‌లో దిగాడు. మొదటి రెండు మ్యాచ్‌లు ఫీనిక్స్ సన్స్ గెలిచింది. తర్వాత నాలుగూ మిల్వాకీవే. జూలై 20న ఆరో మ్యాచ్‌లో అతను 50 పాయింట్లు కొట్టాడు. ఎప్పుడూ తడబడే ఫ్రీ త్రోల్లో ఆ రోజు 19కి 17 పడ్డాయి. ఆ ఊరికి 50 ఏళ్ళ తర్వాత కప్పు వచ్చింది. ఆ ఫైనల్స్ రోజుల్లోనే విలేకర్లతో ఒక మాటన్నాడు: గతాన్నే పట్టుకు వేలాడితే అది అహం, రేపటి గురించి గొప్పలు పోతే అది గర్వం, ఈ రోజు పనిలో ఉండటమే వినయం అని దాని సారం.

అందరూ అతనిది మంచి గుణం, వినయం అంటారు. నిజమే. కానీ నాకు వేరే సంగతి కూడా కనబడుతుంది. రేపు ఈ దేశంలో ఉంటామో లేదో తెలియని ఇంట్లో పెరిగినవాడు ఈ రోజు మీదే దృష్టి పెట్టడం నేర్చుకుంటాడు. వేరే దారి ఉండదు. ఆ గుణం చాలావరకు సెపోలియా అద్దె ఇంట్లో తయారైంది. కష్టమే మనిషిని తీర్చిదిద్దుతుందని మాత్రం అనను. అదే కష్టంలో నలిగిపోయినవాళ్ళ పేర్లు మనకి తెలియవు కాబట్టి అలా అనిపిస్తుంది.

అందుకే ఈ కథలో నన్ను వదలని సంగతి కప్పు కాదు, ఆ ఫైలు. ఆరడుగుల తొమ్మిదంగుళాల కుర్రాడి కోసం తలుపు వెంటనే తెరుచుకుంది. అదే వీధిలో, అదే బడిలో చదివిన మామూలు ఎత్తు పిల్లలు 2015లో కొత్త చట్టం వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది. అమ్మ వెరోనికాకి గ్రీకు పౌరసత్వం 2021 సెప్టెంబర్‌లో, అంటే కొడుకు చాంపియన్ అయ్యాక వచ్చింది. గ్రీసులో అడుగుపెట్టిన 30 ఏళ్ళకి!

2024 జూలై 26న పారిస్ ఒలింపిక్స్‌లో గ్రీసు జెండా పట్టుకున్న ఇద్దరిలో యానిస్ ఒకడు. చూసి సంతోషించాను. ఆ రోజే ఏదో ఊళ్ళో ఏదో పోలీసు ఇంకో కుర్రాడిని కాగితాలు చూపించమని అడిగే ఉంటాడు. వాడికి బంతి వేయడం రాకపోవచ్చు, వాచీలు అమ్మడం మాత్రమే వచ్చేమో. వాడూ నెలనెలా ఇంటికి పంపేవాడే.

ఈ శుక్రవారం లైన్లో నిలబడ్డప్పుడు ముందున్నవాళ్ళని ఒకసారి చూడండి. డబ్బు పంపే ముందు బస్సు ఛార్జీ మాత్రం పక్కన పెట్టుకోండి అన్నా. మనకి దారిలో కారు ఆపేవాళ్ళు దొరక్కపోవచ్చు.