బాణానికి ఈకలు కట్టినవారు

127వ కీర్తన పిల్లలను బలవంతుని చేతిలో ఉన్న బాణాలతో పోల్చింది. యెషయా గ్రంథం 49వ అధ్యాయంలో ప్రభువు సేవకుడు, దేవుడు తనను నున్నగా చేసి పొదిలో దాచుకున్న అంబునని చెప్పుకుంటాడు. పిల్లల ప్రతిష్ఠ కూడికల్లో ఈ మాటలు మనం తరచుగా చదువుతాము. అయితే బాణం చెట్టుకు కాయదు. ఎవరో ఒకరు కూర్చుని, రోజులు వెచ్చించి చేయాలి. ఆ పని ఎలాంటిదో తెలిస్తే ఆ వచనాల బరువు మనకు ఇంకా బాగా తెలుస్తుంది. అందుకోసం ఈసారి ఇంగ్లండు చరిత్ర వైపు చూద్దాము. ఎందుకంటే అక్కడ ఈ పని గురించిన చట్టాలు, ఒక పుస్తకం, సముద్రం దాచి ఉంచిన బాణాలు కూడా మనకు మిగిలాయి.

లండన్ నగరంలో విల్లులు చేసేవారు, బాణాలు చేసేవారు మొదట కలిసే ఉండేవారు. 1371లో బాణాలవారు నగర మేయరుకు విన్నపం పెట్టుకుని వేరే సంఘంగా ఏర్పడ్డారు. వారిని ఫ్లెచర్లు అంటారు. బాణం అనే అర్థం ఉన్న ఫ్రెంచి మాట నుంచి ఆ పేరు వచ్చింది. విల్లు చేయడం వేరు, బాణం చేయడం వేరు అని వారు గుర్తించారు. విల్లు విలుకాని చేతిలోనే ఉండిపోతుంది. బాణం చేయి దాటి వెళ్ళిపోతుంది. వెళ్ళాక దాన్ని సరిచేయడం ఎవరి వల్లా కాదు.

ఆ పని తీరు చూడండి. ముందు కర్ర. యాష్, పోప్లర్, ఆస్పెన్ వంటి చెట్ల కర్రను బాగా ఆరబెట్టి, గుండ్రంగా చిత్రికపడతారు. వంకర ఉంటే సుత్తితో కొట్టరు. వేడి చూపించి, వేళ్ళతో మెల్లగా నొక్కి, కంటికి ఎదురుగా పట్టుకుని చూసి, మళ్ళీ నొక్కుతారు. తర్వాత వెనుక కొనలో వింటినారి కూర్చునే గాడి కోస్తారు. బలమైన యుద్ధపు వింటినారి ఆ గాడి దగ్గర కర్రను రెండుగా చీల్చేయగలదు. అందుకని గాడికి అడ్డంగా కొమ్ముతో చేసిన సన్నని పలకను దూరుస్తారు. బాణం చేతిలోకి తీసుకుంటే ఆ పలక చాలామంది కంటికి ఆనదు. అది లేకపోతే మాత్రం బాణం మొదటి దెబ్బకే చీలిపోవచ్చు.

ఆ తర్వాత ఈకలు. ఎక్కువగా పెద్దబాతు రెక్క ఈకలు వాడేవారు. ఈకను ఈనె మీదుగా నిలువుగా చీల్చి, ఈనెను పలచగా గీకి, మూడు ఈకలను సమాన దూరంలో అంటించి, సన్నని దారంతో చుట్టేవారు. మూడూ ఒకే వైపు రెక్కవి కావాలి. కుడి రెక్క ఈక ఒక వైపు వంపు తిరిగితే, ఎడమ రెక్కది ఇంకో వైపు తిరుగుతుంది. రెండూ కలిపితే బాణం తిన్నగా పోదు. మూడింటిలో ఒక ఈక నారి గాడికి అడ్డంగా, వింటికి బయటి వైపు నిలుస్తుంది. అప్పుడు మిగిలిన రెండూ వింటిని గట్టిగా రాసుకోకుండా దాటిపోతాయి.

ఇంకొక సంగతి ఉంది. నారి వదలగానే బాణం కర్రలా బిగుసుకుని పోదు, చేపలా అటూ ఇటూ వంగుతుంది. అలా వంగే వింటిని దాటుకుని, తర్వాత సర్దుకుంటుంది. మెత్తని కర్ర బలమైన వింటికి పనికిరాదు. మరీ బిరుసైన కర్ర తక్కువ బలం ఉన్న వింటికి నప్పదు. ఏ వింటికి ఏ బాణమో చూసుకోవాలి.

రాజులు కూడా ఈ పనిని చిన్నగా చూడలేదు. ఐదవ హెన్రీ రాజు కాలంలో, 1416లో, ఆస్పెన్ కర్రతో పావుకోళ్ళ వంటి చెక్క జోళ్ళు చేయకూడదని చట్టం వచ్చింది. ఆ కర్ర బాణాలకు కావాలి. 1417లో ప్రతి పెద్దబాతు నుంచి ఆరేసి రెక్క ఈకలు సేకరించమని ఆజ్ఞ వెళ్ళింది. వీటన్నిటి కంటే మనల్ని ఆలోచింపజేసేది ఆయన తండ్రి నాలుగవ హెన్రీ కాలంలో, 1406లో వచ్చిన చట్టం. బాణపు ములికి కొనను ఉక్కుతో గట్టిపరచాలని, ప్రతి ములికి మీద చేసినవాని గుర్తు ఉండాలని అది చెప్పింది. నాసిరకం ములుకులు చేసిన కమ్మరికి జైలు, జరిమానా. అప్పటిదాకా చాటున పనిచేసిన మనిషి గుర్తు ఇప్పుడు బాణంతో పాటు వెళ్తుంది.

1545 జూలై 19న ఎనిమిదవ హెన్రీ రాజు ఓడ మేరీ రోజ్, ఇంగ్లండు దక్షిణ తీరం దగ్గర మునిగిపోయింది. అందులో ఉన్న కొన్ని వందల మందిలో నలభై మంది కూడా బ్రతకలేదు. రోజర్ ఆస్కమ్ అనే పండితుడు విలువిద్య మీద టాక్సోఫిలస్ అనే పుస్తకం ప్రచురించిందీ ఆ సంవత్సరమే. బాణాల కర్ర గురించి, ఈకల గురించి అందులో వివరంగా రాశాడు. 1982లో ఆ ఓడను పైకి తీశారు. ఓడలో మూడు వేలకు పైగా బాణాలు దొరికాయి. వాటిలో ఎక్కువ పోప్లర్ కర్రవి. ఇరవై నాలుగు రంధ్రాలున్న తోలు బిళ్ళలు కూడా దొరికాయి. ఈకలు నలిగిపోకుండా ఒక్కో బాణాన్ని ఒక్కో రంధ్రంలో ఉంచేవారు. ఈకలు నీటిలో నశించాయి. వాటిని అంటించిన చోట రాగి కలిసిన పూత జాడ మాత్రం నిలిచింది. ఆ పూత వేసిన చేతులు ఎవరివో మనకు తెలియదు. వారి శ్రద్ధ మాత్రం నాలుగు వందల ఏళ్ళు దాటినా కనబడుతోంది.

ప్రియులారా, ఇక్కడ మనం ఒక మాట దాచకూడదు. ఈ బాణాలు మనుషులను చంపడానికి చేసినవి. 1415 అక్టోబరు 25న అజిన్‌కోర్ట్ పొలంలో ఇంగ్లండు విలుకాండ్ర బాణవర్షం కింద ఎందరో ఫ్రెంచి తల్లుల బిడ్డలు కూలిపోయారు. పని నిజాయితీగా చేస్తే చాలదు, అది ఎవరి చేతిలోకి, ఏ గురికి వెళ్తుందో కూడా చూడాలి. 127వ కీర్తన దీన్ని ఎరిగినట్టే ఉంది. అది యెహోవా ఇల్లు కట్టించడంతో మొదలై, ఊరి గుమ్మంలో ముగుస్తుంది. ఆ దినాల్లో గుమ్మం అంటే వ్యాజ్యాలు తీరే చోటు. అక్కడ ఆ కుమారులు విరోధులతో మాట్లాడతారు. బాణంతో మొదలైన పోలిక రక్తంతో కాదు, మాటతో ముగిసింది.

ఇప్పుడు మన ఇళ్ళ సంగతి. పదో తరగతి కాగానే, ఇంటరు కాగానే మన పిల్లలు ఊరు దాటిపోతున్నారు. హాస్టలు, కోచింగు, ఆ తర్వాత పట్నంలో ఉద్యోగం. వారు మన చేతిలో ఉండేది కొద్ది కాలమే. ఆ కొద్ది కాలంలోనూ ఆదివారం ఆరాధన మాన్పించి ట్యూషనుకు పంపే ఇళ్ళు మన సంఘాల్లో పెరుగుతున్నాయి. పరీక్షలో వెనకబడతారేమోనని తల్లిదండ్రుల భయం. ఆ భయం అబద్ధం కాదు, పేదవాని ఇంట్లో ఒక్క మార్కు కూడా విలువైనదే. అయినా ఈకను గుర్తుచేసుకోండి. ఈక గాలిని పట్టి బాణపు వేగాన్ని కొంచెం తగ్గిస్తుంది. తగ్గిస్తుందని ఎవరూ దాన్ని పీకేయరు. ఈక లేని బాణం గాలిలో తడబడి, ఎటు పోతుందో చెప్పలేము. కుటుంబ ప్రార్థన, ఆదివారపు ఆరాధన తీసుకునే ఆ గంట అలాంటిదే.

వంకరను సుత్తితో కొట్టరని కూడా చూశాము. పక్కింటి పిల్లవానితో పోల్చడం, అందరి ముందు అవమానపరచడం సుత్తి దెబ్బలే. బిడ్డ బిడ్డకూ బిరుసు వేరు. అన్నకు నప్పిన దారి తమ్మునికి నప్పకపోవచ్చు.

చివరిగా, బిడ్డ దారి తప్పిందని కన్నీళ్ళతో ఉన్న తల్లిదండ్రులకు ఒక మాట. 1406 నాటి చట్టం ములికిని చూసి కమ్మరిని శిక్షించింది. బాణానికి మనసు లేదు గనుక ఆ లెక్క సరిపోయింది. బిడ్డకు మనసుంది, ఇష్టముంది. తప్పిపోయిన కుమారుని తండ్రిని యేసుప్రభువు ఎక్కడా నిందించలేదు. వదిలిన బాణం తిరిగి రాదు గానీ, ఆ కుమారుడు తిరిగి వచ్చాడు. కాబట్టి చేతిలో ఉన్నవారిని ఓపికతో సరిచేద్దాము, చేయి దాటినవారి కోసం వాకిలి తెరిచి ఉంచుదాము. ప్రభువు మన ఇళ్ళను కట్టును గాక. ఆమేన్.