కృత్రిమ మలద్వారము: చర్మరక్షణ కథ

ప్రేగులలో వ్యాధి ముదిరినపుడు శస్త్రవైద్యులు పొట్టగోడకు రంధ్రము చేసి, ప్రేగు కొసను అచ్చటికి తెచ్చి కుట్టుదురు. దీనిని స్టోమా అందురు. 1793లో ఫ్రాన్సులోని బ్రెస్ట్ నగరమున డ్యూరే అను వైద్యుడు మలద్వారము లేక పుట్టిన శిశువునకు పెద్ద ప్రేగునుండి ఇట్టి మార్గము కల్పించెను. ఆ శిశువు పెరిగి 45 ఏండ్లు జీవించెను. కాని ద్వారము చుట్టునున్న చర్మమును కాపాడు మంచి ఉపాయము దొరకుటకు మరి 150 ఏండ్లకు పైగా పట్టెను.

చిక్కు ముఖ్యముగా చిన్న ప్రేగుతో వచ్చినది. దానినుండి వెలువడు ద్రవము పలుచగా, ఎడతెగక కారుచుండును. అందు మాంసకృత్తులను జీర్ణము చేయు ట్రిప్సిన్ వంటి ఎంజైములుండును. తినిన ఆహారమునకును మనుష్యుని చర్మమునకును అవి భేదమెరుగవు. ద్రవము తగిలిన చర్మము మొదట దురదపెట్టును, పిమ్మట ఎర్రబడి మండును, తుదకు పుండగును.

1940 దశకమున షికాగోలో, తానే రోగియైన ఒక రసాయనశాస్త్ర విద్యార్థి చర్మమునకు అంటించు రబ్బరు సంచిని రూపొందించెను. అది గొప్ప మేలే. అయినను పుండుపై సంచి సరిగా అంటదు. అంటనిచో ద్రవము మరింత కారి పుండు పెరుగును. ప్రాణము దక్కినను రోగి నలుగురిలో కూర్చుండుటకు జంకెడివాడు.

1952లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ వైద్యుడు బ్రయన్ బ్రూక్ ఒక సులభమైన పద్ధతిని ప్రకటించెను. ప్రేగు కొసను చొక్కాచేతి అంచువలె వెలుపలికి మడిచి కుట్టుటయే ఆ పద్ధతి. అపుడది కొమ్ముచెంబు కొమ్మువలె చర్మమునకు పైగా నిలిచి, ద్రవమును తిన్నగా సంచిలో పడవేయును.

ఆ దశకముననే అమెరికాలోని క్లీవ్‌లాండులో రూపర్ట్ టర్న్‌బుల్ కరాయా బంకను చర్మమునకు కవచముగా వాడెను. కట్టుడుపండ్లను అంటించుటకును వాడబడిన ఈ బంక భారతదేశపు అడవులలోని తపసి చెట్టునుండి వచ్చును. తూర్పు కనుమలలో గిరిజనులు బెరడుపై గాటుపెట్టి దీనిని సేకరింతురు. నీరు తగిలినపుడు ఇది ఉబ్బి జిగటగా మారి, తేమను పీల్చి, చర్మమునకు అడ్డుగా నిలుచును. 1958లో టర్న్‌బుల్ తన రోగియగు నార్మా గిల్‌ను ఇతర రోగులకు ఈ సంరక్షణ నేర్పుటకు నియమించెను. స్టోమా సంరక్షణ వృత్తికి ఆమెయే ఆద్యురాలు.

1970 దశకమున పెక్టిన్, జెలటిన్, సెల్యులోజు సంబంధ పదార్థములతో చేసిన అంటుడు పలకలు వచ్చి, కరాయా స్థానమును చాలవరకు ఆక్రమించెను.

ద్వారము చుట్టు దురద పుట్టినచో, పలక క్రింద ద్రవము చేరినదని తరచుగా అర్థము. అపుడు గోకరాదు, పైన మరియొక పట్టీ అంటించి సరిపెట్టరాదు. పలకను మెల్లగా తీసి, చర్మమును నీటితో కడిగి, తడిలేకుండ అద్ది, ద్వారపు కొలతకు సరిగా కత్తిరించిన క్రొత్త పలకను పెట్టవలెను. అప్పటికిని తగ్గనిచో శిలీంధ్రము సోకియుండవచ్చును, లేదా జిగురు ఆ చర్మమునకు పడకపోవచ్చును, వైద్యునికి చూపవలెను. చిన్న దురదను ఆదిలోనే గుర్తించినవాడు పుండును తప్పించుకొనును.