పద్దెనిమిది శాతం బూడిదరంగు

ఇబ్రహీంపట్నం పెద్దచెరువు కట్ట మీద మా తాతని ఫొటో తీశాను. తెల్లపంచె, తెల్లరుమాలు, వెనక మెరిసే నీళ్ళు. పంచె మడతలన్నీ పడ్డాయి, ముఖం మాత్రం మసకలో కలిసిపోయింది. "గింత నల్లగున్ననా బిడ్డా నేను?" అన్నాడు.

కెమెరా మీటరుకి పంచేదో ముఖమేదో తెలీదు. ఎదురుగా ఉన్నదంతా కలిపితే ఓ మధ్యస్థపు బూడిదరంగు వస్తుందని దాని నమ్మకం. తెలుపెక్కువ కనిపిస్తే వెలుగు తగ్గించేస్తుంది, ఆ దెబ్బ ముఖానికి తగుల్తుంది. అందుకే గ్రే కార్డు. మీద పడ్డ వెలుగులో 18 శాతం తిరిగి పంపే అట్టముక్క. 18 సగమెలా అయింది? వెలుగు రెట్టింపైనా కంటికి రెట్టింపుగా తోచదు. నలుపు తెలుపుల మధ్య కన్ను గుర్తించే నడుమ అక్కడే ఉంది.

ఈ అట్టలూ మీటర్లూ లేని రోజుల్లో లాలా దీన్ దయాళ్ ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ దర్బారుని ఫొటోలు తీశాడు. 1844లో పుట్టిన ఆయనా రూర్కీలో ఇంజనీరింగ్ చదివినవాడే (మనలా దారి తప్పిన మరో ఇంజనీరు). 1892లో హైదరాబాదులో పరదా స్త్రీల కోసం ప్రత్యేకంగా స్టూడియో పెట్టాడు. అప్పటి గాజుపలకలు నీలి వెలుగుని బాగా పట్టేవి, ఎరుపుని దాదాపు చూడలేకపోయేవి. రంగులద్ది ఈ లోటు సరిచేయొచ్చని జర్మనీలో ఫోగెల్ 1873లోనే కనుక్కున్నా, అది మామూలు వాడుకలోకి రావడానికి చాలా ఏళ్ళు పట్టింది. అంటే చామనఛాయ ముఖం ఉన్నదానికంటే నల్లగా పడుతుంది. అయినా నేను చూసిన ఆయన ఫొటోల్లో తెల్లటి దుస్తులూ ముఖాలూ రెండూ నిలబడ్డాయి. ఆయన మీటరు ఆయన కన్నే.

తర్వాత రంగుల ఫిల్ము వచ్చింది. కొడాక్ ల్యాబులకి పంపిన కొలబద్ద ఓ తెల్లజాతి యువతి ఫొటో, దానిపేరు షర్లీ కార్డు. ఆమె చర్మం సరిగ్గా వస్తే అంతా సరే. గోధుమరంగు ఛాయలు మెరుగుపడటంలో చాక్లెట్, ఫర్నిచర్ కంపెనీల ఫిర్యాదుల పాత్ర ఉందని లోర్నా రోత్ పరిశోధన చెబుతుంది. చాక్లెట్‌కున్న పరపతి మనిషికి లేకపోయింది! గ్రే కార్డు ఎవరి చర్మమూ కాదు, నాకు నచ్చింది అదే.

మళ్ళీ వెళ్ళాం. ఇబ్రహీం కుతుబ్‌షా కాలపు ఆ కట్ట మీదే, తాత చేతికి కార్డిచ్చాను. "ఇదేంది, ఓటరు కార్డా?"

కార్డు మీద కొలత తీసుకుని, పక్కన పెట్టించి, నొక్కాను. వైట్ బ్యాలెన్స్‌కీ అదే కార్డు. కాకపోతే పూర్తిగా సరిచేస్తే సాయంత్రపు ఎరుపంతా పోతోంది, సగం ఉంచేశాను.

తాత ఫోన్ దగ్గరికి లాక్కుని చాలాసేపు చూశాడు. "కనుబొమ్మ కింద మచ్చ గూడ పడ్డది," అని తడుముకున్నాడు.