పైలట్ నిద్ర – రోస్టర్ బాధ్యత

1927 మే 20వ తేదీ ఉదయం చార్లెస్ లిండ్‌బర్గ్ అనే అమెరికా పైలట్ న్యూయార్క్ దగ్గర ఒక చిన్న విమానం ఎక్కి, ముప్పై మూడున్నర గంటల తర్వాత పారిస్‌లో దిగాడు. ఒంటరిగా, ఎక్కడా ఆగకుండా అట్లాంటిక్ మహాసముద్రాన్ని విమానంలో దాటిన మొదటి మనిషి ఆయనే. బయలుదేరే ముందు రాత్రి కూడా ఆయనకి నిద్ర లేదు. దారి పొడుగునా మంచుతో, మబ్బులతో ఎంత పోరాడాడో నిద్రతో కూడా అంత పోరాడాడు. ప్రపంచమంతా ఆయనకి జేజేలు కొట్టింది. అది న్యాయమే. అయితే నిద్రను ఆపుకోగలిగినవాడే అసలైన మొనగాడు అనే అభిప్రాయం కూడా ఇలాంటి సాహసాల వల్లనే బలపడింది. ఆ అభిప్రాయం తప్పని తెలుసుకోవడానికి విమానయాన రంగానికి చాలా ఏళ్లు పట్టింది, చాలా ప్రాణాలు పోయాయి.

అమెరికా పైలట్లు 1931లో సంఘం పెట్టుకున్నారు. 1934లో అక్కడి కార్మిక బోర్డు, పైలట్ నెలకి 85 గంటలకు మించి ఎగరకూడదని నిర్ణయం చేసింది. పని గంటలకు ఒక హద్దు ఏర్పడింది, మంచిదే. కానీ అది గాలిలో ఉన్న గంటల లెక్క మాత్రమే. ఆ గంటలు పగలా, రాత్రా? ఆ మనిషి నిద్ర లేచి ఎంతసేపయింది? ఇవి అందులో లెక్కకు రాలేదు.

దాని ఫలితం 1993 ఆగస్టు 18న క్యూబాలోని గ్వాంటనామో బే అమెరికా నౌకాస్థావరంలో కనబడింది. ఒక డీసీ-8 సరుకు విమానం రన్‌వేకి కొద్ది దూరంలో కూలిపోయింది. రాత్రంతా పనిచేసిన సిబ్బందికే ఇంకో ట్రిప్పు అప్పగించారు. ప్రమాద సమయానికి కెప్టెన్ ఇరవై మూడున్నర గంటలుగా మేలుకుని ఉన్నాడు. మిగతా ఇద్దరిలో ఒకరు 21 గంటలు, ఒకరు 19 గంటలు. వెలగని ఒక దీపం కోసం కెప్టెన్ వెతుకుతూనే ఉన్నాడు. వేగం తగ్గిపోతోందని పక్కవాళ్లు చెప్పినా ఆయన బుర్రకి ఎక్కలేదు. అదృష్టవశాత్తు ముగ్గురూ గాయాలతో బయటపడ్డారు. అమెరికా ప్రమాద విచారణ సంస్థ ఒక విమాన ప్రమాదానికి అలసటను ముఖ్య కారణంగా రాసింది ఇదే మొదటిసారి. మనిషి నిద్రపోలేదు, కళ్లు తెరిచే ఉన్నాయి. కానీ తీర్పు చెప్పే శక్తి పోయింది. అలసట అంటే ఇదీ.

2009 ఫిబ్రవరి 12న బఫెలో నగరం దగ్గర మరో విమానం కూలి 50 మంది చనిపోయారు. కో-పైలట్ ముందు రాత్రంతా దేశం ఆ కొస నుంచి ఈ కొసకి ప్రయాణం చేసి డ్యూటీకి వచ్చింది. ఆ తర్వాత 2014 జనవరి నుంచి అక్కడ కొత్త నియమాలు వచ్చాయి. డ్యూటీకి ముందు 10 గంటల విశ్రాంతి, అందులో 8 గంటలు ఎడతెగకుండా నిద్రపోయే అవకాశం ఉండి తీరాలి.

ఇక మన దేశం సంగతి. 2010 మే 22 తెల్లవారుజామున దుబాయ్ నుంచి వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం మంగళూరు రన్‌వే దాటిపోయి లోయలో పడింది. 166 మందిలో 158 మంది మరణించారు. విచారణకి నాయకత్వం వహించినది మన సాయుధ దళాలకు చెందినవారే, రిటైర్డ్ ఎయిర్ మార్షల్ బి.ఎన్. గోఖలే గారు. కాక్‌పిట్ రికార్డర్‌లో సుమారు గంటా నలభై నిమిషాల పాటు మాటలు లేవు, కెప్టెన్ గాఢనిద్రలో ఉన్న శబ్దం ఉంది. ల్యాండింగ్ సరిగా కుదరలేదు, మళ్లీ పైకి లేపమని కో-పైలట్ మూడుసార్లు చెప్పినా కెప్టెన్ వినలేదు. గాఢనిద్ర నుంచి లేచిన మనిషి మెదడు కొంతసేపు మబ్బుగానే ఉంటుంది. పైగా అది శరీరం బాగా నీరసించే తెల్లవారుజాము వేళ. ఈ రెండూ అతని నిర్ణయాన్ని దెబ్బతీసి ఉండవచ్చని నివేదిక రాసింది.

ఆ వేళ సంగతి సైన్యంలో మనకి కొత్త కాదు. తెల్లవారుజామున స్టాండ్-టు ఎందుకు చేస్తాం? శత్రువు ఆ టైమే చూసుకుని వస్తాడు కనుక. సెంట్రీని రెండు గంటలు నిలబెట్టి నాలుగు గంటలు ఎందుకు పడుకోబెడతాం? జాలితో కాదు, పోస్టు భద్రంగా ఉండాలని. పోస్టులో నిద్రపోయిన జవాను శిక్షకు అర్హుడే. కానీ అతనికి రిలీఫ్ సమయానికి పంపించవలసినది గార్డు కమాండరు. నేను జేసీఓగా ఎన్నో రోస్టర్లు చూశాను. నఫ్రీ తక్కువైతే రోస్టర్ ఎంత ముచ్చటగా రాసినా అది కాగితమే. సెలవులు, కోర్సులు, బయటి డ్యూటీలు పోను మిగిలిన పదిమందే రోజూ నిలబడతారు.

విమానయానంలోనూ అదే జరిగింది. మన డీజీసీఏ 2007లో కొత్త విశ్రాంతి నియమాలు తెచ్చి, 2008లో పక్కన పెట్టింది. మంగళూరు తర్వాత 2011లో మళ్లీ నియమాలు వచ్చాయి. 2024 జనవరిలో వాటిని ఇంకా కట్టుదిట్టం చేశారు. వారానికి విశ్రాంతి 36 గంటల నుంచి 48 గంటలకి పెంచారు, రాత్రి ల్యాండింగులు ఆరు నుంచి రెండుకి తగ్గించారు. కోర్టు దాకా వెళ్లాక 2025 జులై, నవంబరు నెలల్లో రెండు విడతలుగా అమలుకి వచ్చాయి. డిసెంబరు మొదటి వారంలో ఇండిగో సంస్థకి కొత్త నియమాల ప్రకారం పైలట్లు చాలక వేల విమానాలు రద్దయ్యాయి. మన శంషాబాద్‌లో కూడా ప్రయాణికులు గంటల తరబడి పడిగాపులు పడ్డారు. చివరికి ఆ సంస్థకి రాత్రి డ్యూటీ నియమాల నుంచి 2026 ఫిబ్రవరి 10 వరకు సడలింపు ఇవ్వవలసి వచ్చింది. దాదాపు రెండేళ్ల ముందు ప్రకటించిన నియమానికి నఫ్రీ సమకూర్చుకోకపోతే జరిగేది ఇదే.

ఈ చరిత్ర మనకెందుకు అని అనుకోవద్దు. మనలో చాలామంది రిటైరయ్యాక సెక్యూరిటీ సూపర్‌వైజర్లుగా, ట్రాన్స్‌పోర్టు ఇన్‌ఛార్జులుగా పనిచేస్తున్నారు. సర్వీసులో ఉన్న సోదరులు ఎంటీ డ్రైవర్లకి, గార్డులకి డ్యూటీలు వేస్తున్నారు. రాత్రి డ్యూటీ దిగిన మనిషి పేరే మళ్లీ పొద్దున్న లిస్టులో రాసేముందు ఒక్క నిమిషం ఆగండి. అతను కాదనడు. మన మనిషికి కాదనే అలవాటు లేదు. అందుకే ఆ మాట అతని తరఫున రోస్టర్ రాసేవాడే చెప్పాలి, పైవాళ్లకి నఫ్రీ కావాలని కాగితం కూడా అతనే పెట్టాలి.

జై హింద్.