దిగాక ముడుచుకున్న చక్రాలు

విమానం సవ్యంగానే దిగింది. చక్రాలు రన్‌వేను తాకాయి, వేగం తగ్గుతోంది. అంతలో చక్రాలు లోపలికి ముడుచుకున్నాయి. ప్రొపెల్లర్ వంగిపోయింది, విమానం పొట్ట మీద జారుతూ ఆగింది. 1975 నుంచి 1978 వరకు అమెరికాలో చిన్న విమానాలకు ఇలాంటి ప్రమాదాలు పదుల సంఖ్యలో జరిగాయి.

పైలట్లు చక్రాలు దించడం మరిచారనడానికి లేదు. మరిస్తే మొదటే పొట్ట నేలకు తగిలేది. యంత్రం చెడిందన్న అనుమానమూ నిలవదు. లెక్కలోకి తీసుకున్నవన్నీ పైలట్ చేతే గేర్ (చక్రాల అమరిక) ఎత్తిన ఘటనలు.

మిగిలింది పరధ్యానం. దాన్ని 1980 నాటి దర్యాప్తు నివేదికలోని అంకెలు ఒప్పుకోవు. ముడిచే చక్రాలున్న ఒంటి ఇంజన్ విమానాల్లో బొనాంజా అనే మోడల్ వాటా సుమారు 30 శాతం. ప్రమాదాల్లో మాత్రం 24కి 16 దానివే. జంట ఇంజన్ల వాటిలో బారన్ అనే మోడల్ వాటా 16 శాతం, ప్రమాదాలు 39కి 21. రెండూ ఒకే కంపెనీవి. పరధ్యానానికి కంపెనీ పట్టింపు ఉండదు కదా!

కాబట్టి కాక్‌పిట్ చూడాలి. మామూలుగా గేర్ స్విచ్ ఎడమన, ఫ్లాప్స్ (రెక్కల వెనక అంచున దించే పలకలు) స్విచ్ కుడిన ఉంటాయి. ఈ రెండు మోడళ్లలో అది తారుమారు. బ్రేకులు బాగా పట్టాలని దిగగానే ఫ్లాప్స్ ఎత్తడం చాలామందికి అలవాటు. వేరే విమానాల్లో అలవాటైన చెయ్యి కుడికి పోతుంది. అక్కడున్నది గేర్. పైగా స్టీరింగ్ అడ్డకమ్మీ ఆ స్విచ్‌లను సరిగా కనబడనివ్వదు.

నేల మీద గేర్ లేవకుండా సేఫ్టీ స్విచ్ ఉంటుంది గదా? ఉంది. గేర్ కాలు బరువుకు కుంగితేనే అది అడ్డుపడుతుంది. దిగిన కొత్తలో రెక్కలు ఇంకా కొంత బరువు మోస్తుంటాయి, కాలు పూర్తిగా కుంగదు.

రెండో ప్రపంచ యుద్ధంలో బి-17 బాంబర్లకూ ఇదే జరిగింది. అలసట కారణమనుకుంటే, సి-47 రవాణా విమానాల పైలట్లూ అలసినవారే. వారికి ఈ గతి పట్టలేదు. బి-17లో గేర్, ఫ్లాప్స్ స్విచ్‌లు పక్కపక్కనే, ఒకేలా ఉండేవి. గేర్ మీటకు చిన్న రబ్బరు చక్రం, ఫ్లాప్స్ మీటకు రెక్కముక్క ఆకారం తగిలించడం అప్పుడు కనిపెట్టిన మందు. ఆ మందు తెలిశాక కూడా తారుమారు అమరిక 1980ల దాకా ఎందుకు సాగిందో ఊహించడం నా పని కాదు.

1984 మోడళ్ల నుంచి కంపెనీ ఆ రెండు స్విచ్‌ల చోట్లు మార్చింది. అంతకు ముందువి పాత అమరికతోనే ఇంకా ఎగురుతున్నాయి. వాటిని నడిపేవారు రన్‌వే వదిలి ఆగాకే ఫ్లాప్స్ ముట్టుకోండి.